ఊరేగింపు లేని ప్రమాణ స్వీకారం

1945 జనవరి 20. వాషింగ్టన్‌లో గడ్డకట్టే చలి. వైట్‌హౌస్ తోటంతా మంచు. ఆ మంచులోనే నిలబడి కొన్ని వేల మంది ఎదురుచూస్తున్నారు. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ నాలుగోసారి అధ్యక్షుడిగా ప్రమాణం చేయబోతున్నారు.

మామూలుగా ఈ వేడుక క్యాపిటల్ భవనం ముందు జరుగుతుంది. తర్వాత పెద్ద ఊరేగింపు ఉంటుంది. రెండూ వద్దన్నారాయన. సరిహద్దులు దాటి వెళ్లిన కుర్రాళ్లు చనిపోతుంటే, ఇక్కడ పెట్రోల్ కూడా రేషన్ మీద ఇస్తుంటే ఊరేగింపు ఎవరి కోసం? 25 వేల డాలర్లు మంజూరైతే రెండు వేల లోపే కానిచ్చేస్తానన్నారు. వైట్‌హౌస్ దక్షిణం వైపు వసారాలోనే ప్రమాణం, ఐదారు నిమిషాల ప్రసంగం, అంతే. దావత్‌లో చికెన్ సలాడ్ పెట్టారు గానీ, అందులో చికెన్‌ని వెతుక్కోవాల్సి వచ్చిందని అతిథులు నవ్వుకున్నారు.

యుద్ధం ఒక్కటే కారణం అనుకోలేం. ఆయన ఒంట్లో శక్తి అయిపోయింది. 1921లో, 39 ఏళ్ల వయసులో పోలియో వచ్చి కాళ్లు పడిపోయాయి. ఇప్పుడు గుండె కూడా దెబ్బతింది. ఆ సంగతి జనానికి చెప్పలేదు. జనం ఓటేసింది ఆ విషయం తెలియకుండానే. ఆ రోజు కొడుకు జేమ్స్ పట్టుకుంటే, కాళ్లకు ఇనుప పట్టీలతో, ఓవర్‌కోటు కూడా లేకుండా నిలబడి ప్రమాణం చేశారు.

రెండు రోజులకే యాల్టా ప్రయాణం. తిరుగుదారిలో ఫిబ్రవరి 14న, సూయజ్ కాలువ మధ్యలోని గ్రేట్ బిట్టర్ సరస్సులో, యుద్ధనౌక మీద సౌదీ రాజు అబ్దుల్ అజీజ్‌ను కలిశారు. పాత గాయాలతో నడవలేక ఇబ్బంది పడే ఆ రాజుకు తన దగ్గరున్న రెండో చక్రాల కుర్చీని కానుకగా ఇచ్చేశారు. పాలస్తీనా గురించి రాజు గట్టిగానే మాట్లాడారు. అరబ్బులకు వ్యతిరేకంగా ఏ అడుగూ వేయనని రూజ్‌వెల్ట్ మాటిచ్చారు. ఏప్రిల్ 5న ఆ మాటే ఉత్తరంలోనూ రాసి పంపారు.

వారం తిరిగేసరికి, ఏప్రిల్ 12న, జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్‌లో కన్నుమూశారు. వయసు 63. జనవరిలో అదే వసారాలో ఉపాధ్యక్షుడిగా ప్రమాణం చేసిన హ్యారీ ట్రూమన్ ఆయన స్థానంలోకి వచ్చారు. 1948 మే 14న ఇజ్రాయెల్ ఏర్పడినట్టు ప్రకటించిన రోజే ట్రూమన్ దాన్ని గుర్తించారు.