పుత్తూరు త్రోవలో త్యాగరాజస్వామి

ధనుర్మాసం ప్రవేశించిన నాటినుండి పుత్తూరు మీదుగా తిరుపతికి పోయే బాటలో, తెల్లవారుజామున కాలినడకను సాగిపోయే యాత్రికులు కనిపిస్తారు. చెన్నపట్టణం వైపునుండి ఊత్తుకోట, నాగలాపురం, పిచ్చాటూరు దాటి వచ్చినవారు కొందరు. తిరుత్తణి, నగరి మీదుగా వచ్చినవారు కొందరు. అప్పటికి మంచు విడిచి ఉండదు. నారాయణవనం కొండలు ఇంకా చీకటిలోనే ఉంటాయి. తొలిసారి నడక పెట్టుకొన్నవానిని ముఖం చూడకుండానే మూటను చూచి గుర్తుపట్టవచ్చును. చలి అనే మాట వినగానే అతడు ఇంటిలో ఉన్న కంబళ్ళన్నీ కట్టుకొని వస్తాడు. పుత్తూరు చేరేసరికి ఒక భుజం దిగిపోయి, రెండవ భుజానికి మూట మారి ఉంటుంది. మడమ బెణికితే పుత్తూరు కట్టు ఉండనే ఉన్నదని వెనుకవారు పరిహాసం చేస్తారు.

నాలుగైదుసార్లు నడిచినవాని సంగతి వేరు. ఒక దుప్పటి, ఒక మార్పు ధోవతి, చెంబు, కొంచెం అటుకులు, బెల్లం; అంతటితో సరి. నడిచేవానికి నడకయే సగం వేడి నిస్తుందని అతనికి తెలుసు. బరువైన బట్ట ఒకటి కప్పుకొని నడిస్తే లోపల చెమట పట్టుతుందనీ, నిలిచినప్పుడు ఆ తడియే వణికిస్తుందనీ, పలుచని బట్టలు రెండు ఒకదానిమీద ఒకటి వేసికొని ఎండ పొడిచిన తరువాత ఒకటి విప్పడం మేలనీ కూడ తెలుసు. రాయలసీమ గొల్లలు, కురుబలు గొంగడి ఒక్కదానితో ఎంత చలినైనా మంచునైనా గడపగలిగినారు. అదే పరుపు, అదే కప్పు.

ఈ త్రోవను చూచినప్పుడెల్ల నాకు ఒక వృద్ధుడు జ్ఞాపకం వస్తారు. 1839 ప్రాంతంలో, డెబ్బదిరెండేండ్ల వయస్సులో, కావేరీతీరం విడిచి ఆయన ఈ సీమకు వచ్చినారు. జీవితమంతా ఏ మూటా కట్టనివారు. అట్టివారి ప్రయాణంలోనే వారికి తెలియకుండ ఒక మూట చేరినది. ఆ వృద్ధుడు త్యాగరాజస్వామి.

కాకర్లవారి పూర్వులు కాకర్ల గ్రామంనుండి దక్షిణానికి వలసపోయిన తెలుగువారు. 1767 మే 4వ తేదీన తిరువారూరులో రామబ్రహ్మం, సీతమ్మ దంపతులకు స్వామి జన్మించినారు. బాల్యం తరువాతి జీవితమంతా తిరువయ్యారులోనే గడచినది. శొంఠి వేంకటరమణయ్యగారివద్ద సంగీతం అభ్యసించినారు. యౌవనంలో రామనామ జపానికి పూనుకొని, దినానికి లక్షయిరువదియైదువేల వంతున ఇరువదియొక్క సంవత్సరాలలో తొంబదియారు కోట్లు పూర్తిచేసినారని శిష్యపరంపర చెప్పుతుంది. లెక్క వేసి చూస్తే సంఖ్య సరిపోతున్నది. లెక్కకంటె నన్ను ఆకర్షించేది ఆయన దినచర్య. ఉదయం ఉంఛవృత్తికి బయలుదేరేవారు. చేతిలో పాత్ర, నోటిలో రామకీర్తన, వీధి వెంట నడక. ఆనాటి గింజలు ఆనాటికి. రేపటి గింజకు ఇంటిలో గాదె లేదు. అనగా ఆయన ప్రతిదినం ఒక చిన్న యాత్ర చేసినవారే. ప్రతిదినం ఒక్క పాత్రతో బయలుదేరినవారే.

తంజావూరు నేలిన శరభోజి మహారాజు సభకు రమ్మని కానుకలు పంపినప్పుడు స్వామి వానిని త్రిప్పి పంపినారన్నది లోకప్రసిద్ధమైన గాథ. కల్యాణి రాగంలోని నిధి చాల సుఖమా అనే కృతి ఆ సందర్భంలో పుట్టినదని చెప్పుకొంటారు. ఇంటిలో దాని ఫలం వేరుగా కనిపించినది. వచ్చిన ఐశ్వర్యాన్ని కాలదన్నిన తమ్ముని చూచి అన్నగారు జపేశుడు కోపించి, పూజామందిరంలోని రామవిగ్రహాలను కావేరిలో విసరివేసినాడట. కథలు చెప్పేవారు అన్నగారిని రాక్షసునివలె చిత్రిస్తారు. నా కంత కోపం రాదు. గింజలకు లెక్క ఉన్న ఇంటిలో ఎవరో ఒకరికి ఆ లెక్క బాధ కలిగించక మానదు. స్వామి ఆ విగ్రహాలకొరకు కావేరియొడ్డున వెదకి వెదకి, తుదకు పొందినారు. ఆయన జీవితంలో పోయినదని దుఃఖించిన సొత్తు ఇదొక్కటే.

శిష్యులలో వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ ముఖ్యుడు. స్వామి కుమార్తె సీతాలక్ష్మి వివాహానికి ఈ శిష్యుడు శ్రీరామ పటం ఒకటి కానుకగా తలచి, దానిని మోసికొని వాలాజాపేటనుండి తిరువయ్యారుకు కాలినడకను వచ్చినాడని గాథ. దినాలు పట్టే నడక. పటం చూచి స్వామి, రాముడే తన్ను కాపాడడానికి నడచి వచ్చినాడని పరవశించినారట. మోహనరాగంలో ఆ భావంతో ఒక కృతి ఉన్నది. మూట తేలికగా ఉండవలెనని ఇంతవరకు చెప్పుకొని వచ్చిన నేను, ఆ శిష్యునికి మాత్రం ఏమి చెప్పగలను? కొన్ని బరువులు విడిచి వస్తే రాకపోయినట్లే.

ఇట్టి జీవితం గడిపిన వ్యక్తి వృద్ధాప్యంలో తీర్థయాత్రకు బయలుదేరినారు. కంచిలో ఉన్న ఉపనిషద్బ్రహ్మేంద్రయోగి, రామబ్రహ్మంగారికి స్నేహితులట, రమ్మని శ్రీముఖం వ్రాసినారు. అదే మూలకారణ మంటారు. ఆనాడు ఇది సామాన్యమైన ప్రయాణం కాదు. దక్షిణదేశంలో తొలి రైలు రాయపురంనుండి వాలాజా రోడ్డుకు 1856 జూలై 1న నడచినది. అప్పటికి స్వామి దివంగతులై తొమ్మిదేండ్లు. తొమ్మిదేండ్ల క్రితం, 1830 మే 18న, ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణంనుండి పల్లకీలతో, పరివారంతో తిరుపతి మీదుగా కాశికి బయలుదేరి, మరుసటి సంవత్సరం సెప్టెంబరులో తిరిగి వచ్చినారు. సుప్రీంకోర్టులో ద్విభాషిగా ఉన్న పెద్దమనిషి ఆయన. ఆ ఏర్పాటు ఆయనకు తగినది. స్వామికి ఆ వసతి లేదు. శిష్యులు వెంట ఉన్నారు. కొంత దూరం దాతల పల్లకి ఉన్నది. ఇక మిగిలినది సత్రాలూ, దేవాలయాలూ, దారిలోని రసికుల ఇండ్లూ.

మజిలీల వరుసను ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా చెప్పుతారు. నేను ఆ చర్చకు పోను. కంచిలో వరదరాజస్వామిని సేవించినారు. తిరువొత్తియూరులో వీణ కుప్పయ్యరు ఇంట ఉండి త్రిపురసుందరిమీద పంచరత్నం చెప్పినారు. చెన్నపట్టణంలో బందరువీధిలోని సుందరేశ మొదలియారు ఇంట విడిది చేసినారు. ఆయన స్వగ్రామం కోవూరు. తనమీద ఒక కీర్తన చెప్పవలెనని మొదలియారు కోరికను బయటపెట్టినాడట. నరస్తుతి స్వామివల్ల అయ్యే పని కాదు. కోవూరు గుడిలోని సుందరేశ్వరునిమీద అయిదు కృతులు చెప్పి ఊరుకొన్నారు. మొదలియారు నొచ్చుకొనలేదు, నిజమైన భక్తుడే. కాని ధనికుడు. ధనికుడు తన భక్తిని ధనంలోనే చూపగలడు. స్వామి స్వీకరించరని తెలిసి, శిష్యులతో రహస్యంగా చెప్పి, వేయి బంగారు కాసులు పల్లకిలో ఒకచోట దాచి పెట్టించినాడు. రామనవమి ఉత్సవానికి వినియోగించవలసినదని అప్పగింత.

నాగలాపురం త్రోవలో చీకటిపడినది. కృష్ణదేవరాయలు తల్లి నాగల పేర వెలయించిన ఊరు అది. వేదనారాయణస్వామి ఆలయం అక్కడిదే. ఆనాడు చుట్టును అడవి. పల్లకిమీద రాళ్ళు పడసాగినవి. శిష్యులు గడగడ వణికినారు. ఎందుకు భయపడుతున్నారు, మనవద్ద దొంగలకు కావలసిన దేమున్నదని స్వామి అడిగినారు. అప్పుడు నిజం చెప్పవలసి వచ్చినది. అది నాది కాదు, వారికి ఇచ్చివేయుడని స్వామి తక్షణమే ఆజ్ఞాపించినారు. రామనవమికని ఇచ్చిన ధనమని శిష్యులు మనవి చేసినారు. అట్లయితే ఎవరిదో వారే కాపాడుకొంటారని చెప్పి, దర్బారు రాగంలో ముందువెనుక అనే కృతిని పాడినారు. రాళ్ళు ఆగిపోయినవి. తెల్లవారిన తరువాత దొంగలు వచ్చి పాదాలమీద పడి, రాత్రి పల్లకికి ముందు వెనుకల విల్లులు ధరించి కాపలా కాచిన యువకు లిద్దరెవరని అడిగినారని కథ.

విలుకాండ్రు కనిపించినారా లేదా అన్నది ఎవరి విశ్వాసం వారిది. నేను గమనించేది మరొకటి. ఆ రాత్రి పల్లకి చుట్టును ఉన్న వారందరిమీదను అవే రాళ్ళు పడుతున్నవి. భయపడినవారు మాత్రం మూట ఉన్నదని తెలిసినవారే. బంగారు కాసుల బరువు బోయీల భుజాలకు తెలిసిఉండదు. వేయి కాసులు ఎంత? ఒక మనిషి చేత మోయగలిగినంత. ఆ కొంచెం బరువు శిష్యులకు రాత్రి అంతా నిద్ర లేకుండ చేసినది.

తిరుమలలో దర్శనానికి వెళ్ళేసరికి తెర వేసి ఉన్నది. ఆ రోజులలో దేవస్థానం కుంఫిణీవారి కలెక్టరు పాలనలో ఉండేది. 1843లోగాని హాథీరాంజీ మఠం మహంతుల చేతికి పోలేదు. అంత దూరం వచ్చి, కొండయెక్కి, తెరముందు నిలిచిన వృద్ధుడు అర్చకులను నిందించలేదు. తనలోని మదమత్సరాలే తెర అయినవని గౌళిపంతు రాగంలో తెరదీయగరాదా అని పాడినారు. తెర తొలగినదని గాథ. తరువాత మధ్యమావతిలో మరొక కృతితో వేంకటేశుని సేవించి కొండ దిగినారు. దక్షిణంలో లాల్గుడి, శ్రీరంగం క్షేత్రాలమీద కూడ పంచరత్నాలు ఉన్నవి. అటుపిమ్మట తిరువయ్యారు. 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు స్వామి సిద్ధిపొందినారు. అంతకు కొద్దిదినాలు ముందే సన్న్యాసం స్వీకరించి, ఉన్న కొంచెం కూడ విడిచినారు.

పుత్తూరు మజిలీని కావలెననే చివరకు ఉంచినాను. స్వామి ఆ ఊరు చేరిన ఉదయం గుడివద్ద జనం గుమిగూడి ఉన్నారు. ముందటి రాత్రి ఒక యాత్రికుడు భార్యాబిడ్డలతో పొద్దుపోయి ఊరు చేరినాడు. తలదాచుకొనడానికి గుడికి వస్తే తలుపులు మూసి ఉన్నవి. లోపలినుండి గడియ తీయవచ్చునని అతడు గోడ ఎక్కి దూకినాడు. గోడ అవతల బావి. బయట భార్య బిడ్డను దగ్గర పెట్టుకొని, ఇప్పుడే తలుపు తెరుచుకొంటుందని చూచి చూచి అలసి నిద్రపోయినది. తెల్లవారి చూస్తే భర్త శవం నీటిమీద తేలుతున్నది.

ఇంటిలో కూర్చున్న మనకు, గోడ దూకడమేమి తెలివి అని తోచవచ్చును. పరాయి ఊరిలో, చీకటిలో, నిద్రతో తూలే బిడ్డను ఎత్తుకొని మూసిన తలుపు ముందు నిలిచినవానికి ఆ గోడ ఒక్కటే దారిగా కనిపించి ఉంటుంది. తేలికగా నడిచేవాడే అతడు. సంసారమే మూటగా వచ్చినవాడు. తక్కువైనది చెంబు కాదు, కంబళి కాదు. పొద్దు వాలక ముందే చేరదగిన చోటు. తొలిసారి బయలుదేరేవారు వ్రాసికొనే జాబితాలు నేను చాల చూచినాను. వస్తువులన్నీ ఉంటాయి. ఏ రాత్రి ఎక్కడ తలవాల్చడమో ఉండదు. చలికాలంలో పొద్దు త్వరగా వాలుతుంది. వేసవిలో చెట్టుక్రింద గడిపినవానికి ధనుర్మాసపు రాత్రి ఆ చెట్టు చాలదు. నడక లెక్క దూరంతో కాక పగటి గంటలతో వేసికొనవలసి ఉంటుంది. నాలుగింటికే మజిలీ చూచుకొనేవాడు పిరికివాడేమీ కాడు.

స్వామి ఆ శవాన్నీ, ప్రక్కన ఏడుస్తున్న ఇల్లాలినీ చూచినారు. అప్పుడు ఆయనవద్ద ఇవ్వదగిన వస్తు వేదీ లేదు. శిష్యులను పిలిచి, బిలహరి రాగంలో నా జీవాధార అనే కృతిని పాడుడన్నారు. పాట సాగుతూ ఉండగా ఆ మనిషిలో ప్రాణం కదలినదట. నీట మునిగినవానిలో ఊపిరి పూర్తిగా పోక ముందు మరల రావడం వైద్యులెరిగినదే అని నా మిత్రులొకరు అంటారు. అనవచ్చును. వారితో నేను వాదించను. శవమని అందరును తీర్మానించి దూరంగా నిలబడినచోట, ప్రయాణం ఆపి, పల్లకి దింపించి, దగ్గరకు పోయి కూర్చున్నవారు ఆ వృద్ధుడొక్కరే గదా.

ఆ యాత్రికుడు లేచి కూర్చున్నాడు. భార్య బిడ్డను అతని ఒడిలో పెట్టినది. స్వామి శిష్యులతో త్రోవ పట్టినారు. బిలహరిలోని ఆ కృతి పుట్టుకను చెప్పేవారి నోట పుత్తూరు పేరు నేటికిని వినవస్తున్నది.