గరిమెళ్ళ వారి పాటలో ఉప్పు

మన జిల్లా దేశానికి అందించిన జాతీయ కవులలో గరిమెళ్ళ సత్యనారాయణగారిది అగ్రస్థానం. ఆయన పేరు ఎరుగని వారికి సైతం ‘మాకొద్దీ తెల్లదొరతనము’ పాట తెలుసు. పలాస, టెక్కలి, ఉద్దానం బడులలో చదువుకున్న మేము పంద్రాగస్టునాడు దానిని గొంతెత్తి పాడినవారమే. అయితే పసివారు ఆ పాటను ప్రేమించడానికి కారణాలు వేరు. మనుషులు కూటికోసం కుక్కలతో పెనుగులాడే ఘట్టం వస్తే పిల్లలకు నవ్వు ఆగదు. ఉప్పు ముట్టడం దోషమన్న మాట వస్తే ఎవరికీ వింతగా తోచదు. ఉప్పు చేతికి అందిస్తే కలహం వస్తుందని ఇంట్లో అమ్మమ్మలు రోజూ చెప్పేదే గదా!

ఆ దోషం అమ్మమ్మల ఆచారం కాదని, సర్కారు చట్టమని తెలియడానికి కొంత వయస్సు రావాలి. టెక్కలి దాపున నౌపడ ఉప్పుమడులు మనమందరం చూసినవే. 1889 నాటి మద్రాసు ఉప్పు చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి లేనిదే ఉప్పు పండించరాదు; ఏటి గట్టున తనంతట పేరిన ఉప్పును గోకి తెచ్చుకున్నా నేరమే. సముద్రం ఇంటి ముందు ఉన్న బెస్తవాడు సైతం పన్ను చెల్లించిన ఉప్పునే కొనుక్కోవాలి. మణుగుకు, అనగా సుమారు 37 కిలోలకు, రూపాయి పావలాగా ఉన్న ఆ పన్నును 1923లో రెండున్నర రూపాయలు చేశారు. మరుసటి ఏడు తగ్గించవలసి వచ్చింది. గాంధీజీ దండి తీరాన ఉప్పు తీసినది 1930లో. మన కవి ఆ మాటను పాటలో పెట్టినది అంతకు సుమారు పదేళ్ళ ముందు.

గరిమెళ్ళ వారు 1893 జూలై 14న నరసన్నపేట తాలూకా గోనెపాడులో జన్మించారు. అప్పుడిది గంజాం జిల్లా. పేదకుటుంబం, ఒక న్యాయవాది ఆదరువుతో బి.ఏ. పూర్తిచేశారు. గంజాం కలెక్టరు కచేరీలో గుమాస్తాగా, విజయనగరంలో ఉపాధ్యాయుడుగా పనిచేశారు. కచేరీ గుమాస్తాకు ఉప్పు దస్త్రాలు కొత్త కావని మా ఊహ. 1920 కాంగ్రెసు పిలుపుతో రాజమహేంద్రవరంలోని ఉపాధ్యాయ శిక్షణను మధ్యలోనే వదలి సహాయనిరాకరణోద్యమంలో దూకారు. పాట పుట్టినది ఆ వేడిలోనే. ఊరూరా తిరుగుతూ ఆయనే పాడారు.

1922లో ఏడాది జైలుశిక్ష పడింది. కలెక్టరు బ్రేకన్ దొర ఆయనను పిలిపించి పాట పాడించుకున్న సంగతిని పెద్దలు చెబుతారు. తనకు తెలుగు రాకున్నా ఈ పాట జనాన్ని ఎంతగా కదిలించగలదో బోధపడిందని దొర ఒప్పుకున్నాడట. చిత్రమైన విషయం! ఒక్క మాట అర్థం కాని దొరకు పాట అర్థమయింది. ప్రతి మాటా తెలిసిన పిల్లలకు కాలేదు. విడుదల కాగానే కవి మళ్ళీ పాట అందుకున్నారు. ఈసారి రెండున్నరేళ్ళు వేశారు.

తరువాతి జీవితం మద్రాసులో పత్రికల కొలువులలో, చాలవరకు స్థిరమైన ఆదాయం లేకుండా గడిచింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఉన్నంతకాలం ఆదుకున్నారు. 1938లో ఆయన పోయాక ఆ అండ తెగింది. స్వరాజ్యం వచ్చింది గాని కవి ఇంటికి అన్నం రాలేదు. పక్షవాతం, ఒక కంటి చూపు పోవడం, ఇతరుల దయ మీద బ్రతకడం. పిల్లలకు నవ్వు తెప్పించే ఆ ఆకలి ఘట్టం వ్రాసిన చేయి స్వతంత్ర భారతంలో చాచవలసి వచ్చింది. దీనిని మేము ఏ తెల్లదొర మీదా నెట్టలేము.

1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. ఆ తర్వాత రెండేళ్ళకు, 1952 డిసెంబరు 18న, గరిమెళ్ళ వారు మద్రాసులో కన్నుమూశారు.