మీసాలున్న అమ్మ

పిల్లాడి చేతిలోంచి గ్లాసు జారి పగిలిందనుకోండి. మన చెయ్యి ముందు వాడి వీపు మీదికే వెళ్తుంది, అవునా? ఆ చేతిని ఆపమన్న మనిషి గిజూభాయి బధేకా.

1885లో గుజరాత్‌లోని సౌరాష్ట్రలో పుట్టిన ఆయన వృత్తిరీత్యా వకీలు. 1913లో కొడుకు పుట్టాక, వాడిని ఎలా పెంచాలా అన్న ఆలోచన పట్టుకుంది. మాంటిస్సోరి పద్ధతి గురించి చదివారు. వకాలతు వదిలేసి భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో చేరారు. 1920లో అక్కడే బాలమందిరం తెరిచారు.

బెత్తం లేని బడి అది. అలాగని పిల్లల్ని గాలికి వదిలెయ్యలేదు. దెబ్బ భయాన్ని నేర్పుతుందే తప్ప పనిని నేర్పదన్నది ఆయన నమ్మకం. బహుమతుల ఆశ చూపడమూ ఆయనకు గిట్టేది కాదు. ఆయన రాసిన దివాస్వప్నలో మాస్టారు మొదటిరోజు పిల్లలచేత మౌనంగా కూర్చునే ఆట ఆడించబోతాడు. క్లాసంతా ఒకటే గోల! అయినా బెత్తం తియ్యడు. తప్పు తన పద్ధతిలోనే ఉందని గ్రహించి, మర్నాడు కథ మొదలెడతాడు. అల్లరి దానంతటదే సద్దుమణుగుతుంది.

మీసాలున్న అమ్మ అని జనం ముద్దుగా పిలుచుకున్న గిజూభాయి 1939లో కన్నుమూశారు. ఈసారి గ్లాసు పగిలితే గాజుముక్కలు మీరు ఏరేసి, తుడిచే గుడ్డ వాడికివ్వండి. తర్వాత, రెండు చేతులతో ఎలా పట్టుకోవాలో ఒక్కసారి చూపించండి.