కందకములలో పరిచారకుడు

1914–18 మహాయుద్ధమున సైనికులు కందకముల బురదలో బ్రదికిరి. వారితో నుండిన వైద్యుడు నోయెల్ ఛవాస్. 1884లో జన్మించెను, తండ్రి లివర్‌పూల్ బిషప్పు. 1908 ఒలింపిక్సులో పరుగెత్తెను.

1916 ఆగస్టున ఫ్రాన్సులోని గిల్‌మాంట్ యొద్ద రాత్రివేళ శత్రువుల కందకముల యెదుటికి వెళ్లి క్షతగాత్రులను వెదకెను. సుమారు 20 మందిని రక్షించి విక్టోరియా క్రాసు పొందెను. 1917 జూలై 31న బెల్జియములో తాను గాయపడియు స్థలము విడువలేదు. దాదాపు అన్నము లేకయే రెండు దినములు పరిచర్య చేసెను. ఆగస్టు 4న, 32 ఏండ్లకే మరణించెను. ఆ యుద్ధములోనే రెండు విక్టోరియా క్రాసులు పొందినవాడు ఈయనొక్కడే.

ప్రియులారా, మన ముద్దనూరు పల్లెలలోను కక్షలున్నవి. దెబ్బలుతిన్నవాడు వీధిలో పడియుండగా, ఎదుటి పక్షమునకు జడిసి మేమును తలుపు మూసికొన్నవారమే. లూకా 10వ అధ్యాయమందలి సమరయుడు మమ్మును గద్దించుచున్నాడు. ఇకనైన తలుపు తీయుదము.