ఆంధ్రకేసరి

టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1872 ఆగస్టు 23వ తేదీన ఒంగోలు ప్రాంతంలోని వినోదరాయునిపాలెంలో సుబ్బమ్మ, గోపాలకృష్ణయ్య దంపతులకు జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. తల్లి ఒంగోలులో భోజనశాల నడిపి బిడ్డలను పోషించింది. గురువైన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి ఆదరణతో ప్రకాశం రాజమహేంద్రవరంలో చదువుకొన్నారు. ఇంగ్లాండు వెళ్ళి బారిష్టరై, మద్రాసు హైకోర్టులో విశేషమైన కీర్తిని, ధనాన్ని ఆర్జించారు. 1921లో గాంధీజీ పిలుపునందుకొని ఆ వృత్తిని త్యజించి, 'స్వరాజ్య' పత్రికను స్థాపించారు.

1928 ఫిబ్రవరి 3న సైమన్ సంఘం బొంబాయిలో అడుగుపెట్టింది. అందులో ఒక్క భారతీయునికైనా స్థానం లేనందున దేశమంతటా హర్తాళ్ జరిగింది. మద్రాసులో హైకోర్టు సమీపాన గుమిగూడిన ప్రజలపై పోలీసులు కాల్పులు జరపగా పార్థసారథి అనే యువకుడు నేలకొరిగాడు. ఆ మృతదేహాన్ని చూడబోయిన ప్రకాశంగారిని సాయుధులు అడ్డగించి, ముందుకు సాగితే కాలుస్తామని హెచ్చరించారు. ఆయన వెనుదీయక, చొక్కా తొలగించి, తుపాకికి ఎదురుగా తన రొమ్ము చూపారు. మీట నొక్కడానికి రెప్పపాటు చాలు. పోయిన ప్రాణాన్ని తేవడానికి యుగాలైనా చాలవు. ఆ రెప్పపాటులో సాయుధులు నిగ్రహం వహించి దారి ఇచ్చారు. నాటి సాహసమే ఆయనను ప్రజల హృదయాలలో ఆంధ్రకేసరిగా నిలిపింది.

కాలక్రమంలో అధికారభారం ఆయనపైనే పడింది. 1946 ఏప్రిల్‌లో మద్రాసు రాష్ట్ర ప్రభుత్వానికి నాయకులయ్యారు. ఆ సంవత్సరం సెప్టెంబరు 5న తిరుచిరాపల్లి సమీపంలోని పొన్మలై రైల్వే కార్మికులపై పోలీసులు కాల్పులు జరపగా పలువురు మరణించారు. ఒకనాడు తుపాకికి ఎదురు నిలిచిన నాయకుని పాలనలోనే తుపాకి మరల పేలింది. శాంతిభద్రతలను కాపాడడం ప్రభుత్వధర్మమే. అయినను, క్షణంలో తీసుకొన్న నిర్ణయానికి బాధ్యత కాల్చిన వానితో ముగియదు. ఆజ్ఞాపించిన అధికారికి, పాలించే ప్రభుత్వానికి కూడ అందులో భాగముంటుంది. ప్రకాశంగారి వంటి మహనీయుని జీవితం సైతం ఈ సత్యానికి అతీతం కాదు.

1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్రరాష్ట్రానికి ఆయన తొలి ముఖ్యమంత్రి అయ్యారు. లక్షలు ఆర్జించిన ఆ త్యాగధనుడు చివరిదశలో పేదరికం అనుభవించి, 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. 'నా జీవితయాత్ర' ఆయన స్వీయచరిత్ర. ఆయన స్మృత్యర్థం ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం జిల్లా అని నామకరణం చేశారు. ఆయుధానికి వెరవని ధైర్యం ఎంత గొప్పదో, ఆయుధం చేతనున్నవాడు చూపే నిగ్రహం కూడ అంత గొప్పదని ఆయన జీవితం మనకు బోధిస్తున్నది.