వడలూరు పొయ్యి – రామలింగస్వామి జీవితం

హాస్టల్ బెల్లు మోగగానే ప్లేటు కడుక్కుని వరుసలో నిలబడిన వాళ్లం మేము. ఆరో తరగతిలో ట్రంకు పెట్టెతో వచ్చిన రోజు నుంచి మా చదువంతా ఆ వరుసలోనే సాగింది. ఈ వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని గురించి రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు, ఆకలితో వచ్చినవారికి బంతి వేసి అన్నం పెట్టించిన రామలింగస్వామి గుర్తుకొచ్చారు. తమిళులు ఆయనను వళ్ళలార్ అంటారు. అడిగినవారికి లేదనకుండా ఇచ్చేవాడు అని అర్థం.

రామలింగస్వామి 1823 అక్టోబరు 5న చిదంబరం దగ్గర మరుదూరు అనే పల్లెలో జన్మించారు. ఐదుగురు సంతానంలో ఆఖరివాడు. నెలల పిల్లవాడిగా ఉండగానే తండ్రి రామయ్య కన్నుమూశారు. తల్లి చిన్నమ్మ పిల్లలను వెంటబెట్టుకుని పుట్టింటి వైపు పొన్నేరికి, అక్కడి నుంచి చెన్నపట్నానికి చేరింది. మన సూళ్లూరుపేట నుంచి చెన్నై పోయే రైలు ఆ పొన్నేరి మీదుగానే పోతుంది.

పెద్దన్న సభాపతి పురాణం చెప్పి ఇల్లు నడిపేవారు. తమ్ముణ్ణి చదివించాలని ఆయన ఆశ. తమ్ముడేమో బడి మాని కందకోట్టం గుడిలో కూర్చునేవాడు. అన్నగారు విసిగిపోయి, వాడికి ఇంట్లో అన్నం పెట్టవద్దని భార్యతో చెప్పారట. ఆ వదిన మనసు ఒప్పక, భర్త కంటపడకుండా పిలిచి పెట్టేది. తండ్రి తద్దినం రోజున వచ్చినవాళ్లంతా కడుపు నిండా తిని వెళ్లారు. ఇంటి బిడ్డకు మాత్రం చాటుగా పెట్టవలసి వచ్చిందని ఆమె కన్నీళ్లు పెట్టుకుంది. అది చూడలేక ఆ పిల్లవాడు చదువుకుంటానని మాట ఇచ్చాడని చెబుతారు. బడి చదువు పెద్దగా లేకుండానే ఆయన గొప్ప కవి అయ్యారు. ఆయన పాటల సంపుటి తిరువరుట్పా 1867లో అచ్చయింది. ఆ కవిత్వం గురించి తెలిసినవారు రాయాలి. మాకు మాత్రం ఆ వదిన పెట్టిన ముద్దే ఎక్కువ గుర్తుంది.

1858లో చెన్నపట్నం విడిచి వడలూరు దగ్గర కరుంగుళి అనే ఊళ్లో ఉన్నారు. కాషాయం కట్టలేదు, తెల్లబట్టే కప్పుకున్నారు. 1865లో సన్మార్గ సంఘం పెట్టారు. మరుసటి ఏడాదే ఒరిస్సా, గంజాం ప్రాంతాల్లో ఘోరమైన కరువు. 1867 మే 23న వడలూరులో సత్య ధర్మశాల తెరిచి పొయ్యి వెలిగించారు. ఆ పొయ్యి 21 అడుగుల పొడవు. ఆ మంట నేటికీ ఆరలేదని భక్తులు గర్వంగా చెప్పుకుంటారు.

ఇందులో మేము గమనించవలసింది ఒకటుంది. స్వామి దగ్గర డబ్బు లేదు, ఏ రాజూ జమీందారూ ఒక్కడే పూనుకుని పెట్టించిన సత్రమూ కాదది. భూమి ఇచ్చింది ఊరివాళ్లు, దాదాపు 80 కాణీలు, అంటే వంద ఎకరాల పైమాటే. సంఘంలోనివారు, చుట్టుపక్కల రైతులు ఎవరికి తోచినంత వాళ్లు తెచ్చి ఇచ్చారు. అందరూ సాయపడాలని స్వామి ప్రకటన రాసి పంపారు. ఒకనాడు బియ్యం నిండుకున్నాయని వంటవాళ్లు కంగారుపడితే, రేపు వస్తాయి పొమ్మన్నారట. తెల్లవారేసరికి బండ్ల మీద ధాన్యం వచ్చిందట. నెలాఖరులో స్టోర్‌రూము చూసిన మనకు ఆ వంటవాళ్ల కంగారు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కులమూ మతమూ అడగకుండా అందరికీ ఒకే బంతి. మా ఊరి పెళ్లిళ్లలో మా వాడవాళ్లను ఎప్పుడూ కడబంతికే పిలిచేవారు, అదీ పందిరి బయట. అందుకే ఈ మాట మాకు చిన్నదిగా కనిపించదు. అయితే ఒకచోట స్వామితో మాకు పేచీ ఉంది. మాంసం తినేవారిని ఆయన సన్మార్గానికి బయటివారిగానే లెక్కించారు. మన ఇళ్లలో ఎంతమంది లోపలికి వస్తారు? కానీ వారికి కూడా ఆకలి తీర్చి తీరాలన్నారు. అంతవరకు ఆయన పెద్దమనసును ఒప్పుకోవాలి.

1872లో జ్ఞానసభ కట్టించారు. 1874 జనవరి 30న మేట్టుకుప్పంలో ఒక గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. ఆ తరువాత ఆయనను ఎవరూ చూడలేదు. ధర్మశాలలో వంట మాత్రం ఆగలేదు. ఇప్పుడు తమిళనాడు దేవాదాయ శాఖ చూస్తోంది. భక్తులు బియ్యం, కూరగాయలు తెచ్చి ఇస్తూనే ఉన్నారు.

పోయిన ఏడాది మేము నలుగురం హాస్టల్ స్నేహితులం తలా కొంత వేసుకుని ఒక బియ్యం సంచి కొని వడలూరు వెళ్లాం. సంచి అప్పగించి బంతిలో కూర్చున్నాం. సాంబారు అన్నం వడ్డించారు. పక్కనున్న ముసలాయన మాకు నీళ్ల చెంబు జరిపి, ఏ ఊరని అడిగాడు. చెప్పాం. ఇంకేమీ అడగలేదు.