రాపిడిలో పోయిన శక్తిని లెక్కించిన జూల్

స్ప్రింగునకు కట్టిన దిమ్మను బల్లపై లాగి విడిచినచో, అది కొంతసేపు ముందునకు వెనుకకు ఊగి, తుదకు నిలిచిపోవును. లాగునప్పుడు స్ప్రింగులో చేరిన శక్తి ఏమైనది? రాపిడిలో నశించినదనియే తోచును. నశింపలేదనియు, వేడిగా మారినదనియు కొలతలతో నిరూపించినవాడు జేమ్స్ ప్రెస్కాట్ జూల్.

ఆయన 1818 డిసెంబరు 24న ఇంగ్లండులోని సాల్ఫర్డులో జన్మించెను. తండ్రి బీరు తయారుచేయు కర్మాగారమునకు యజమాని. జూల్ ఇంటనే విద్య నారంభించి, పిమ్మట పరమాణు సిద్ధాంతకర్త జాన్ డాల్టన్ వద్ద కొంతకాలము చదివెను. విశ్వవిద్యాలయములో చేరలేదు. కర్మాగారపు పనులు చూచుకొనుచునే పరిశోధన సాగించెను.

ఉష్ణము ఒక ద్రవమని పలువురు నమ్ముచున్న కాలమది. ఫిరంగులను తొలుచునప్పుడు రాపిడివలన ఎడతెగక వేడి పుట్టుచుండుటను 1798లోనే రంఫర్డ్ ప్రకటించెను. పనికిని ఉష్ణమునకును గల సంబంధమును 1842లో జర్మనీ వైద్యుడు మేయర్ సూచించెను. ఇంత పనికి ఇంత ఉష్ణమని ప్రయోగములతో నిర్ధారించు భారమును జూల్ వహించెను.

నీటిపాత్రలో తెడ్ల చక్రము నమర్చి, త్రాళ్లకు కట్టిన బరువులు దిగునప్పుడు అది తిరుగునట్లు చేసెను. నీటి రాపిడిచే నీరు వేడెక్కెను. బరువులను ఇరువది మార్లు దింపినను నీటి వేడి ఫారన్‌హీటు మానమున సుమారు అర డిగ్రీ మాత్రమే పెరిగెను. కప్పీల రాపిడిని, నేలను తాకునప్పుడు బరువులకు మిగిలిన వేగమును, గదిలోని గాలివలన కలుగు మార్పును లెక్కించి సవరించెను. నీటికి బదులు పాదరసముతోను, ఇనుముపై ఇనుమును రాపాడించియు పరీక్షించెను. ఫలితము ఇంచుమించు ఒక్కటియే. పౌను నీటి వేడిని ఒక డిగ్రీ పెంచుటకు 772 అడుగు-పౌనుల పని కావలెనని 1850లో ప్రకటించెను. నేటి లెక్క సుమారు 778.

లోకము వెంటనే మన్నింపలేదు. 1843లో కార్క్ నగరపు సభ ఆయన ప్రసంగమును పట్టించుకొనలేదు. 1844లో రాయల్ సొసైటీ ఆయన వ్యాసమును ప్రచురింప నిరాకరించెను. 1847లో ఆక్స్‌ఫర్డు సభలో యువకుడైన విలియం టామ్సన్ మాత్రము దాని విలువను గుర్తించెను. ఆయనయు తొలుత సంశయించినవాడే; అనంతరము జూల్‌తో కలిసి పరిశోధించెను. 1850లో రాయల్ సొసైటీయే జూల్‌ను సభ్యునిగా స్వీకరించెను.

జూల్ 1889 అక్టోబరు 11న మరణించెను. 1878లో ఆయన మరల కొలిచి తేల్చిన 772.55 అను సంఖ్య ఆయన సమాధిపై చెక్కబడినది. శక్తిని కొలుచు ప్రమాణమునకు ఆయన పేరే నిలిచినది.

నిలిచిపోయిన దిమ్మయొక్క శక్తి దిమ్మలోను, బల్లలోను, గాలిలోను స్వల్పమైన వేడిగా చెదరియున్నది. అది తనంత తాను కూడివచ్చి స్ప్రింగును మరల సాగదీయజాలదు; కాని లెక్కలో రవ్వంతయు తగ్గలేదు.